కాటపుల్ట్ సాధన మైదానం: గోడ పెట్టాలా, గొయ్యి తవ్వాలా, కోట గుమ్మం దగ్గరే కట్టాలా?

మంచె ఎక్కి వడిసెలతో జొన్నచేలో పిట్టల్ని తోలిన వాళ్ళకు గురి ఎలా కుదురుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఎన్ని రాళ్ళు విసిరితే అంత కుదురుతుంది. అందుకే మంచె ఎక్కే ముందే ఒడి నిండా రాళ్ళు ఏరుకుంటారు. ఒక్కో రాయికీ మంచె దిగి ఎక్కాల్సి వస్తే విసిరేది పది, నడిచేది వంద, ఈలోపు కంకి ఖాళీ.

మరుగుజ్జుల (డ్వార్ఫ్‌ల) చేత కోట కట్టించే కంప్యూటర్ ఆట డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో సీజ్ ఆపరేటర్‌ను, అంటే రాళ్ళు విసిరే కాటపుల్ట్ లాంటి ముట్టడి యంత్రాలు నడిపేవాణ్ణి, తయారుచేయడమూ ఇంతే. అడుగు మెట్టు నుంచి లెజెండరీ అనే పై మెట్టు దాకా ఎక్కాలంటే మొత్తం 18,000 అనుభవ పాయింట్లు కావాలి. మొదటి మెట్టుకు 500 చాలు. అక్కణ్ణించి మెట్టుకు 100 చొప్పున పెరుగుతూ పదిహేనో మెట్టుకు 1,900 అవుతుంది. ఇంత దూరం పోవాలంటే యంత్రం ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉండాలి. రాయి తేవడం, ఎక్కించడం, వదలడం అనే మూడు పనుల్లో చివరి రెండింటి వేగం మన చేతిలో లేదు. రాయి ఎంత దూరం నుంచి రావాలన్నది మాత్రం పూర్తిగా మనం గీసే ప్లానును బట్టి ఉంటుంది. కాబట్టి ఏ నమూనా మంచిదని అడిగినప్పుడు చూడాల్సింది యంత్రాన్ని కాదు, రాయి తిరిగే దారిని.

నమూనాల్లోకి పోయే ముందు రెండు పనులు చేసి పెట్టుకోండి.

మొదటిది పనివాళ్ళ ఏర్పాటు. స్టీమ్ వెర్షన్ (2022 డిసెంబరు) నుంచి లేబర్ మెనూలో గని పని, చెట్లు కొట్టడం లాంటి కొన్నిటికే ముందుగా జాబితాలు ఉంటాయి. మిగతా పనులు ఎవరికి తీరిక ఉంటే వాళ్ళు చేసేస్తారు. సీజ్ ఆపరేటింగ్ కూడా ఆ మిగతా పనుల్లోదే. అలాగే వదిలేస్తే నూట యాభై మంది తలా నాలుగు రాళ్ళు విసురుతారు, ఒక్కరికీ పని రాదు. కొత్త వర్క్ డీటెయిల్ (పనివాళ్ళ జాబితా) ఒకటి తెరిచి, అందులో సీజ్ ఆపరేటింగ్ పెట్టి, ఎంచుకున్నవాళ్ళు మాత్రమే చేసేలా మార్చండి. కాటపుల్ట్‌కు ఇద్దరు చొప్పున వేసుకుంటే ఒకరు తిండికో నిద్రకో వెళ్ళినా యంత్రం ఖాళీగా ఉండదు. వాళ్ళను మోతపని నుంచి తప్పించడం మరవకండి. ఈ ఒక్క మార్పు చేయక, ఎన్ని యంత్రాలు పెట్టినా ఎవరికీ పని రావడం లేదని తలపట్టుకునేవాళ్ళే ఎక్కువ.

రెండోది లెక్క. కోటలో అరుదుగా ఉన్న ఒక రకం రాయిని సరిగ్గా 20 ఏరి, ఒకే కాటపుల్ట్ వెనక పెట్టి, వేరే రాయి అందకుండా తలుపు బిగించి, అన్నీ విసిరేదాకా ఆగండి. తరువాత స్టాక్స్ తెరలో ఆ రాయి ఎన్ని మిగిలాయో చూడండి. ఇదే పరీక్ష గోడ ఎదురుగా ఒకసారి, గొయ్యి తవ్వాక ఒకసారి చేయండి. వెర్షన్ మారినప్పుడల్లా మళ్ళీ చేయాలి. కింద చెప్పే ఎంపిక సగం ఈ అంకె మీదే నడుస్తుంది.

గోడ ఎదురు గది

మూడింటిలో చవకైనది ఇదే. కాటపుల్ట్ 3×3 గళ్ళు తీసుకుంటుంది. మూడు పక్కపక్కన పెట్టి మధ్యలో ఒక్కో గడి, రెండు చివర్లా ఒక్కో గడి వదిలితే గది వెడల్పు 13. యంత్రాల ముందు ఐదారు గళ్ళు ఖాళీ, తరువాత తవ్వని కొండ. వెనక రెండు వరసల రాతి నిల్వ, అంటే 26 గళ్ళు, 26 బండలు. నిల్వకు వెనక ఒకే తలుపు.

తవ్వడంలోనే కొంత సరుకు వస్తుంది. మామూలు రాతి పొరలో దాదాపు నాలుగు గళ్ళు తవ్వితే ఒక బండ మిగులుతుంది. 13 వెడల్పు, 12 పొడవు గదికి 156 గళ్ళు, ఒక 40 రాళ్ళు లెక్క వేసుకోవచ్చు. యంత్రాలకు అయ్యేది తొమ్మిది దుంగలు: ఒక్కో కాటపుల్ట్‌కు మూడు భాగాలు, భాగానికో దుంగ, అన్నీ సీజ్ వర్క్‌షాప్‌లో తయారవుతాయి. భాగాల నాణ్యత గురిని మారుస్తుంది తప్ప నేర్చుకోవడాన్ని మార్చదు. అందువల్ల చేయి తిరగని సీజ్ ఇంజనీరు మొదట చేసిన వంకర భాగాలన్నీ ఈ గదికే వాడండి. అతని చేయి తిరిగాక వచ్చేవాటిని యుద్ధం కోసం దాచండి.

ఈ గదికి ఉన్న పెద్ద బలం భద్రత. బయటి దారి లేదు, అటూ ఇటూ తిరిగేవాళ్ళు లేరు, శత్రువు కనబడి ఆపరేటర్ పరుగెత్తే ప్రసక్తే లేదు. బలహీనత ఏమిటో మీ 20 రాళ్ళ లెక్కే చెబుతుంది. రాళ్ళు తగ్గిపోతుంటే ఇది సాధనతో పాటు చెత్త తీసే యంత్రం కూడా అయినట్టే. తవ్వకం జోరుగా ఉండి ప్రతి గదిలో బండలు కాళ్ళకు అడ్డం పడే కోటకు అది వరం. బండకొక్కటి చొప్పున లెక్కపెట్టి ఇటుకలకు, తలుపులకు వాడుకుంటున్న చిన్న కోటకు మాత్రం దండగ.

గొయ్యి ఉన్న బారు

రాయి వెనక్కి రావాలనుకునేవాళ్ళ బారు, అంటే సాధన మైదానం, ఇది. అదే గదిని పొడిగించి, చివరి గోడకు ఆనుకుని మూడు గళ్ళ పట్టీని గది పూర్తి వెడల్పున ఛానెల్ కొట్టాలి, అంటే నేలను కింది అంతస్తు దాకా తవ్వేయాలి. 13×3, మొత్తం 39 గళ్ళు. నేల పోతుంది కనుక అక్కడ వాలిన రాయి కింది అంతస్తుకు జారుతుంది. కింది అంతస్తులో పక్క నుంచి ఒక సొరంగం, దానికో తలుపు, తలుపు అవతల నిల్వ, నిల్వ పక్కనే మెట్లు.

ఇక్కడ తప్పులు జరిగే చోట్లు నాలుగు. ఛానెల్ కొడితే కింద ర్యాంపు మిగులుతుంది. దాన్ని తీసేయకపోతే రాయి ఏరడానికి వెళ్ళినవాడు దగ్గరి దారని ర్యాంపు ఎక్కి నేరుగా యంత్రాల ముందుకు వచ్చేస్తాడు. అందుకే ర్యాంపులన్నీ తొలగించాలి. తలుపు తెరిచి ఉంచి విసిరితే కింద ఏరేవాడి నెత్తిన బండ పడుతుంది. పక్కగోడల్లో గుమ్మాలు పెడితే చేయి తిరగని ఆపరేటర్ విసిరిన రాయి ఏ పడకగది దారినో పోతుంది. నాలుగోది చిన్నదే గానీ చాలామంది పట్టించుకోరు: గొయ్యిలో పడ్డ రాళ్ళను పై నిల్వకు చేర్చేవాళ్ళు మోతగాళ్ళు, వాళ్ళకు వేరే వంద పనులుంటాయి. పైన నిల్వ ఖాళీ, కింద రాళ్ళ గుట్ట, మధ్యలో యంత్రం ఊరికే నిలబడి ఉంటుంది.

దీనికి వంతులు పెట్టుకోవడమే మందు. కింది తలుపుకు తాళం వేసి విసిరే వంతు, యంత్రాలను ఆపి తలుపు తెరిచి ఏరే వంతు. నిల్వలో రాళ్ళు అయిపోయినప్పుడే వంతు మార్చండి. తాళం విషయంలో బద్ధకించే అలవాటు ఉంటే ఈ నమూనా జోలికి పోకుండా గోడ గదితోనే సరిపెట్టుకోవడం మంచిది. లెజెండరీ మేస్త్రీ ఒకడు పోతే కోటకు జరిగే నష్టం వంద బండలతో తీరేది కాదు.

గొయ్యి కట్టాలంటే మీ పరీక్షలో 20లో కనీసం 15 తిరిగి రావాలి. అంతకంటే తక్కువైతే 39 గళ్ళ తవ్వకం, సొరంగం, మెట్లు, మోతగాళ్ళ కాలం అన్నీ కలిపి చూస్తే గిట్టదు.

గుమ్మం దగ్గరి బారు

సాధన చేసే చోటే యుద్ధమూ జరిగితే ఒక ఖర్చు తప్పుతుందని చాలామందికి ఆశ. ఆశ తప్పేమీ కాదు, కానీ ఆటలో ఆపరేటర్ సిపాయి కాడు, మామూలు పనివాడు. శత్రువు కంటబడితే పని వదిలి పారిపోయే గుణం అతనిది. శాంతికాలంలో అద్భుతంగా విసిరి, అసలు రోజున మెట్లు దిగిపోతాడు.

ఇంకా ఉన్నాయి. బయట విసిరిన రాళ్ళు మైదానమంతా చెదురుతాయి. వాటిని ఏరడానికి మోతగాళ్ళు గుమ్మం దాటి పోతూనే ఉంటారు, దొంగలూ పొంచి ఉండే దళాలూ కోరుకునేది అదే. బేహారుల బళ్ళు రావడానికి మూడు గళ్ళ వెడల్పు దారి కావాలి, అది సరిగ్గా మీ యంత్రాల ఎదురుగానే ఉంటుంది. బేహారులు దిగిన రోజున యంత్రాన్ని ఆపడం మరిచిపోతే వ్యాపారమూ స్నేహమూ రెండూ పోతాయి.

ఎత్తు సంగతి విడిగా చెప్పాలి. మన ఉదయగిరిని తలచుకోండి. 1513లో కృష్ణదేవరాయలు ముట్టడి మొదలుపెడితే కోట చేతికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. నిట్టనిలువు కొండ, ఇరుకు దారులు, పైనున్నవాడికే బలం. అదే బొమ్మ మనసులో పెట్టుకుని ఆటలో కొండ కొమ్మున కాటపుల్ట్ పెట్టినవాళ్ళు పాత వెర్షన్లలో మోసపోయారు. అక్కడ యంత్రం తానున్న అంతస్తులోకే విసిరేది, కింది లోయలో నడిచే శత్రువు దానికి లేనట్టే. 2025 చివర్లో వచ్చిన సీజ్ అప్‌డేట్ దీన్ని మార్చి, పై అంతస్తులకూ కింది అంతస్తులకూ గురిపెట్టే వీలు ఇచ్చింది. మీరు ఇంకా పాత సేవ్ మీద ఉంటే బారునూ గుమ్మం దారినీ ఒకే అంతస్తులో పెట్టండి. కొత్తదైతే ఎత్తున కట్టడంలో అర్థం ఉంది.

మా సలహా: గుమ్మం దగ్గర యంత్రాలు కట్టండి, కానీ సాధన అక్కడ చేయించకండి. అక్కడివి ఎక్కించి సిద్ధంగా ఉంచే స్థితిలోనే ఉండాలి. లోపలి గదిలో పని నేర్చినవాడు వచ్చి వాటిని వాడతాడు.

దీనిలోనూ ఒక చిక్కు ఉంది. ఏళ్ళ తరబడి నేల కింద ఉన్న డ్వార్ఫ్‌కు ఎండ పడదు. బయటికి రాగానే కళ్ళు తిరిగి వాంతులు చేసుకుంటాడు. రోహిణి కార్తెలో ఏసీ గదిలోంచి నెల్లూరు ట్రంకురోడ్డు మీదికి వచ్చినట్టు ఉంటుంది వాడికి. ఆపరేటర్లు తినే చోటో, తీరిక వేళ కూర్చునే చోటో ఒక్కటైనా ఆకాశం కనబడేలా, చుట్టూ గోడ కట్టి ఏర్పాటుచేస్తే ఈ బాధ తగ్గుతుంది.

బలిస్టా మీద సాధన

వద్దు. నైపుణ్యం ఒకటే, సీజ్ ఆపరేటింగ్. కాటపుల్ట్ మీద నేర్చినది బలిస్టా (పెద్ద బాణాలు వదిలే యంత్రం) మీద పనికొస్తుంది. బలిస్టా బాణం ఒక్కోదానికి దుంగ కావాలి, దాన్ని చేయడానికి సీజ్ ఇంజనీరు కాలం కావాలి. బండ కొండలో ఊరికే దొరుకుతుంది. అడవి ఎక్కువ కొట్టేస్తే ఎల్ఫ్‌లు (ఆటలోని అడవి జాతి) వచ్చి తగువు పెట్టుకుంటారు కూడా. యుద్ధానికి బలిస్టా ఉంచండి, బడికి కాటపుల్ట్ పెట్టండి.

ఏ రాయి, ఎలా అందించాలి

బారు ఏదైనా దాన్ని నిలబెట్టేదీ చెడగొట్టేదీ రాయి అందే తీరు. చీమకుర్తి వైపు తిరిగినవాళ్ళకు ఇది కొత్త మాట కాదు, రాతి పనిలో తోలకమే అసలు పని.

ముందు రకం. చీమకుర్తి గెలాక్సీ రాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో జాతిది. ఆటలోనూ గాబ్రో ఒక పొర రాయి, ఎంత తవ్వినా వస్తూనే ఉంటుంది. మార్కాపురం పలకల స్లేటూ అంతే, ఆటలో అది రూపాంతర శిలల పొర. ఇలాంటి పొర రాళ్ళే కాటపుల్ట్ మేత. సున్నపురాయి, డోలమైట్, పాలరాయి, చాక్, కాల్సైట్ ఉక్కు తయారీకి కావాలి, వాటిని ముట్టుకోనివ్వకండి. మాగ్నెటైట్, హెమటైట్ లాంటి ఇనుప ఖనిజం, బొగ్గు, బాక్సైట్ కూడా వేరే పెట్టాలి. బారు వెనక నిల్వ తెరిచి, అన్ని రాళ్ళూ ఆపేసి, ఒకటో రెండో పొర రాళ్ళను మాత్రమే అనుమతించండి. లేబర్ మెనూలో రాళ్ళ వాడకం జాబితా కూడా ఒకసారి చూడండి. ఇవి చేయని కోటలో ఉక్కు కొలిమి ఎందుకు ఆగిందో వెతికి వెతికి చివరికి కాటపుల్ట్ దగ్గర తేలుతుంది.

అందించే తీరులో మూడు దారులు. మామూలు నిల్వలో గడికి ఒక్క బండే పడుతుంది, బిన్‌లలో బండలు పట్టవు. 26 గళ్ళ నిల్వ మూడు యంత్రాల ముందు ఇట్టే ఖాళీ అవుతుంది. అయినా మొదటి ఏడాది ఇది చాలు, కట్టడానికి ఒక్క నిమిషం.

వీల్‌బారోలు (ఒంటి చక్రపు తోపుడు బళ్ళు) ఇస్తే బరువు తగ్గి ఒక్కో ప్రయాణం వేగంగా సాగుతుంది. కానీ నిల్వకు ఒక వీల్‌బారో కేటాయిస్తే ఒక్కసారికి ఒక్క మోతగాడే పనిచేస్తాడు. పది మంది ఖాళీగా ఉన్నా అంతే. గని దూరంగా ఉంటే వీల్‌బారో మంచిది. గని పక్కనే ఉంటే సున్నా పెట్టి అందరినీ మోయనివ్వండి.

మూడోది మైన్‌కార్ట్ (గని బండి) గుట్ట, ఒకే గడిలో వందల రాళ్ళు. బారు పెద్దదైతే దీన్ని మించినది లేదు, కాబట్టి విడమరిచి చెప్పాలి. కాటపుల్ట్‌ల వెనక మధ్య యంత్రానికి దగ్గరగా ఒక గడి ఎంచుకోండి, అది గుట్ట పడే గడి. దాని పక్క గడిలో ట్రాక్ స్టాప్ (బండి ఆగి సరుకు కుమ్మరించే చోటు) కట్టండి. రాయి ఏ దిక్కున కుమ్మరించాలో కట్టేటప్పుడే చెప్పాలి, గుట్ట గడి వైపే ఉందా అని రెండుసార్లు చూసుకోండి. ట్రాక్ స్టాప్‌కు అవతలి వైపు 3×3 మేత నిల్వ పెట్టి, ఎంచుకున్న పొర రాయినే అనుమతించండి. హాలింగ్ మెనూలో కొత్త రూటు తెరిచి, ట్రాక్ స్టాప్ మీద ఒకే ఒక స్టాప్ పెట్టి, మైన్‌కార్ట్ కేటాయించి, స్టాప్‌ను మేత నిల్వకు లింకు చేసి, ఏ సరుకు ఎక్కించాలో రాళ్ళని గుర్తించండి. బండి బయలుదేరే షరతులన్నీ తీసేయండి, అది కదలాల్సిన పని లేదు. చివరగా గుట్ట గడిలో 1×1 నిల్వ పెట్టి, అదే రాయిని అనుమతించి, లింకుల నుంచి మాత్రమే తీసుకునేలా మార్చండి.

పనిచేయకపోతే ఈ వరసలోనే చూడండి: కుమ్మరించే దిక్కు, లింకు, ఎక్కించాల్సిన సరుకు, కేటాయించిన బండి. దాదాపు ఎప్పుడూ మొదటి రెండింట్లోనే తప్పు ఉంటుంది. దిక్కు తప్పితే ట్రాక్ స్టాప్ పీకి మళ్ళీ కట్టండి.

చెత్త పారబోసే జోన్‌తో కూడా గుట్ట వేయవచ్చు. కాకపోతే అలా పడిన ప్రతి రాయికీ నిషేధం గుర్తు పడుతుంది, మీరు చేత్తో తీసేదాకా ఆపరేటర్ ముట్టడు. ఒకసారికి సరే, రోజూ చేసే పని కాదు.

లాప్‌టాప్ మీద ఆడేవాళ్ళు గుట్ట పెంచేటప్పుడు ఎఫ్‌పీఎస్ (ఆట నడిచే వేగం) మీద ఒక కన్నేయండి. కోటలో వస్తువులు పెరిగేకొద్దీ, వాటిని మోసేవాళ్ళ దారులు పెరిగేకొద్దీ ఆట నెమ్మదిస్తుంది. వేసవిలో వేడెక్కిన లాప్‌టాప్ దానంతట అదే వేగం తగ్గించుకుంటే రెండు దెబ్బలూ కలిసి తగులుతాయి. మేత నిల్వను 3×3 దాటనివ్వకండి, గుట్ట 200 దాటాక రూటును కొన్నాళ్ళు ఆపండి. కరెంటు పోయే కాలంలో ప్రతి ఋతువుకూ ఆటోసేవ్ పెట్టుకోండి.

మీ కోటకు ఏది

జనం 50 లోపు, చెట్లు తక్కువ, గని పని ఇంకా సాగుతోందంటే ఒకే కాటపుల్ట్, గోడ గది, మామూలు నిల్వ. మూడు దుంగలు, ఇద్దరు మనుషులు చాలు. చెట్లు బొత్తిగా లేని చోట దిగితే భూగర్భ గుహలు తెరిచాక అక్కడి పుట్టగొడుగు మానుల దుంగలు వాడుకోవచ్చు, అప్పటిదాకా తొందరపడకండి.

జనం వంద దాటి, రాళ్ళు ఎక్కడ పడితే అక్కడ పడి ఉంటే మూడు కాటపుల్ట్‌ల గోడ గది, మైన్‌కార్ట్ గుట్ట. చాలా కోటలకు ఇదే సరిపోతుంది.

పెద్ద కట్టడాలకు రాయి దాచుకుంటూ, మోతగాళ్ళు తీరిగ్గా ఉండి, తాళాల క్రమశిక్షణ మీకు ఉంటే గొయ్యి బారు. లోపలే నేర్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు చేతికొచ్చి, సీజ్ ఇంజనీరు చేయి తిరిగాకే గుమ్మం దగ్గరి యంత్రాల మాట ఎత్తండి.

ఎక్కడ కట్టినా పడకలు, భోజనశాల, సారా నిల్వ అదే అంతస్తులో గానీ ఒక్క మెట్టు దూరంలో గానీ ఉండాలి. రాయిని మూడు గళ్ళ దూరానికి తెచ్చి, ఆపరేటర్‌ను దాహానికి పది అంతస్తులు ఎక్కించిన కోటల్లో యంత్రం దగ్గర మనిషి కనబడేది తక్కువ.

పని వచ్చాక యంత్రాన్ని విప్పితే దాని మూడు భాగాలూ తిరిగి చేతికొస్తాయి. వంకర భాగాలను గుమ్మానికి మార్చకండి, తరువాతి జట్టు కోసం ఆ గదిలోనే ఉంచి, గుమ్మానికి మంచి నాణ్యత భాగాలు ఏరి కొత్తగా కట్టించండి. కట్టేటప్పుడు యంత్రం ముఖం దారి వైపే ఉందా అని చూసి, తెరలో నాణ్యత గుర్తులు చదివి ఒక్కో భాగం ఎంచుకోండి. ఆట ఇచ్చిన మొదటి మూడింటినీ ఒప్పేసుకుంటే దగ్గర్లో పడి ఉన్న నాసిరకమే వచ్చి కూర్చుంటుంది.